విల్ఫ్రెడ్ సాబు కాలు పెట్టిన పెట్టె

దేవదాస్ రోజూ పొద్దున టీ తాగే ముందు ఒక పని చేస్తాడు. గడప పక్కన బోర్లించి ఉన్న చెక్కపెట్టెను వేలి కణుపుతో ఒకసారి కొట్టి, చెవి వంచి వింటాడు. వానాకాలంలో చెక్క ఉబ్బి చప్పుడు మొద్దుగా వస్తుంది. ఎండాకాలంలో ఖంగుమంటుంది. విన్నాక ఇంట్లోకి తిరిగి, "ఇయ్యాల మంచిగున్నది" అనో, "ఇయ్యాల పడిశం వట్టింది" అనో చెబుతాడు.

"నాకు జరమొస్తె మూడొద్దులకు గాని ఎరుకగాదు. పెట్టెకు పడిశమైతె మాత్రం పొద్దుగాల్నే ఎరుకైతది" అంటుంది ఆయన భార్య యాదవ్వ. అని, చాట తెచ్చుకుని, ఆ పెట్టె మీదే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.

అది బొగ్గుబావిలో బండను పేల్చే మందు వచ్చిన పెట్టె. బెల్లంపల్లి కార్మికుల వాడలో ఇలాంటి ఖాళీ పెట్టెలు లేని ఇల్లు ఉండేది కాదు. వాటి మీద కూర్చునేవాళ్ళు, వాటిలో పప్పులు పోసుకునేవాళ్ళు, రాత్రిపూట బోర్లించి కోళ్ళను కమ్మేవాళ్ళు. మందు పేల్చడానికి వాడి పారేసిన తీగె మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళు. పెట్టె మీద ఎర్రరంగుతో ఇంగ్లిషులో ఏదో హెచ్చరిక ఉండేది. ఇంట్లో పొయ్యికీ రోలుకూ ఎవరూ ఎలా భయపడరో, దానికీ అలాగే భయపడేవాళ్ళు కాదు. ఒక పగటిపూట దేవదాస్ ప్రాణం మీదికి వచ్చింది ఈ అలవాటు వల్లే. దానికి ముందు ఆ పెట్టె వాయిద్యం ఎలా అయిందో చెప్పాలి.

1969లో బావికి బొగ్గు కోసే యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి ఇంగ్లండు నుంచి విల్ఫ్రెడ్ హాబ్సన్ అనే ఫిట్టరు వచ్చాడు. పొడుగు మనిషి, ముక్కు మీద ఎప్పుడూ ఎండకు కమిలిన చర్మం. దేవదాస్ ఆయనకు నట్లు బిగించే పానాలు అందించే పనిలో ఉండేవాడు. ఈ ఫిట్టరు పదిహేనేళ్ళ కిందట లండన్ కాఫీ హోటళ్ళలో పాటలు పాడేవాడని, స్కిఫిల్ అనే సంగీతాన్ని అక్కడ మొదలుపెట్టిన కొద్దిమందిలో ఒకడని దేవదాస్‌కు అప్పటికి తెలియదు. అసలు స్కిఫిల్ అంటేనే తెలియదు.

తెలిసింది ఖయ్యూం దర్జీ దుకాణంలో. విల్ఫ్రెడ్ సాబు ప్యాంటు కుట్టించుకోవడానికి దేవదాస్‌ను వెంటబెట్టుకుని వచ్చి, ఖయ్యూం వేలికున్న ఇత్తడి అంగుస్తానా చూశాడు. సూది గుచ్చుకోకుండా దర్జీలు తొడుక్కునే టోపీ అది. ఇంకొకటి ఉందా అని అడిగాడు. ఇంకొకటి, మరొకటి అంటూ డబ్బాలో ఉన్నవన్నీ తీయించి వేళ్ళన్నిటికీ తొడుక్కున్నాడు. దుకాణం గోడకు ఆనించి ఉన్న అలల రేకు మీద ఆ వేళ్ళతో గీకాడు.

"సాబుకు ఎండదెబ్బ తగిలినట్టుంది, దేవదాస్ భాయ్" అన్నాడు ఖయ్యూం. కానీ అతని కాలు అప్పటికే కుట్టుమిషను కింద లయ వేస్తోంది.

వచ్చీరాని హిందీలో సాబు వాళ్ళకు చెప్పినదాని సారం ఇది. మా దేశంలో యుద్ధం తర్వాత కుర్రాళ్ళ దగ్గర వాయిద్యాలు కొనే డబ్బు లేదు. అమ్మ బట్టలు ఉతికే రేకు, టీపొడి వచ్చే పెట్టె, చీపురుకట్టె తీసుకున్నాం. రోడ్డు మీద నిలబడి పాడాం. మమ్మల్ని చూసి, మనమూ చేయొచ్చు కదా అని ఇంకా వందల మంది మొదలుపెట్టారు. వాళ్ళు తర్వాత గిటార్లు కొనుక్కుని పెద్దవాళ్ళయ్యారు. నేను మళ్ళీ పానా పట్టుకున్నాను.

ఇది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ ఉండేది కాదట. "మా పిల్లగాండ్లు కలెక్టర్లయిండ్రు అన్నట్టు జెప్పేటోడు" అంటాడు దేవదాస్.

బెల్లంపల్లిలో టీపొడి పెట్టె దొరకలేదు. మందు పెట్టె దొరికింది. దాన్ని బోర్లించి, నడుమ రంధ్రం చేసి తాడు దూర్చి, తాడు రెండో కొసను వెదురుకట్టెకు కట్టారు. కట్టెను వెనక్కి లాగితే తాడు బిగిసి స్వరం పైకి వెళుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. పెట్టె ఎగిరిపోకుండా అంచు మీద కాలు పెట్టాలి. పెట్టె దేవదాస్‌ది, రేకు ఖయ్యూంది. వాళ్ళకు మూడోవాడు నజీరుద్దీన్, బావిలో పంపు నడిపేవాడు, పెళ్ళిళ్ళలో బెంజో వాయించేవాడు. సాబు పాడేవాడు. ఎప్పుడూ ఒకే పాట అడిగేవాళ్ళు వీళ్ళు, తమ ఊళ్ళో ఆగకుండా వెళ్ళిపోయే రైలు గురించిన పాట. మాటల అర్థం తెలియకపోయినా చెవితో పట్టేశారు.

"తప్పు వాయిస్తే ఆగొద్దు" అని మాత్రం సాబు గట్టిగా చెప్పాడు. "ఆగితే అందరికీ తెలుస్తుంది. ఆగకపోతే అదే పాట అవుతుంది."

రెండేళ్ళ తర్వాత సాబు వెళ్ళిపోయాడు. ఒక కొత్త సంవత్సరానికి గ్రీటింగు కార్డు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. ఆయన బూటు మడమ ఆనీ ఆనీ పెట్టె అంచున ఒక గుంట పడింది. దేవదాస్ కూడా సరిగ్గా అక్కడే కాలు పెట్టేవాడు.

తాడు మాటిమాటికీ తెగుతుండటంతో కొన్నేళ్ళకు దేవదాస్ దాన్ని తీసేసి, బావి నుంచి తెచ్చిన పేల్చే తీగెను మెలిపెట్టి కట్టాడు. అది తెగలేదు. వాడలో అందరూ దేనికైనా ఆ తీగెనే కట్టేవాళ్ళు కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

1989 వేసవిలో నజీరుద్దీన్ కూతురు కుబ్రా పెళ్ళి పెట్టుకున్నారు. అప్పటికి నజీరుద్దీన్ ఉద్యోగం మానేసి కరీంనగర్‌లో ఉంటున్నాడు. "బెంజో నేను దీస్త. మీ డబ్బ, రేకు లేకుంట నేనొక్కన్నే వాయిస్తె అది పెండ్లిలెక్క ఉండది, పరామర్శలెక్క ఉంటది" అని కబురు పంపాడు.

పెట్టెలో పెళ్ళికూతురికి పూల దుప్పటి, చీర పెట్టారు. బస్సు మీద దుమ్ము పడకుండా ఖయ్యూం దాని మూతికి గోనెగుడ్డ వేసి దబ్బనంతో గట్టిగా కుట్టేశాడు. తీగెను కట్టెకు చుట్టి, కట్టెను పెట్టెకు కట్టారు.

"గీ డబ్బను ఇంట్ల ఇడిసిపెట్టి మనుషులలెక్క పెండ్లికి పోదామయ్యా" అంది యాదవ్వ.

"డబ్బ కోసమే పిలిచిండే మనల్ని" అన్నాడు దేవదాస్.

ఆ రోజుల్లో ఆ దారుల్లో పోలీసు జీపుల కింద మందుపాతరలు పేలుతుండేవి. పోలీసులు బస్సులు ఆపి వెతకడం, అనుమానం వచ్చినవాళ్ళను జీపులో ఎక్కించుకుపోవడం మామూలైంది. అలా పోయినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. గోదావరి దాటాక రోడ్డు పక్కన ఒక తనిఖీ దగ్గర వీళ్ళ బస్సు ఆగింది. ఒక కానిస్టేబుల్ బస్సు పైకి ఎక్కాడు. ఎక్కినంత నెమ్మదిగా దిగలేదు.

"సార్, మందు పెట్టె. తీగె గూడ ఉంది."

నిమిషంలో బస్సు ఖాళీ అయింది. ఎస్సై ఈ ప్రాంతం వాడు కాదు, వయసు కూడా చిన్నదే. పెట్టె ఎవరిదో తెలిశాక, దేవదాస్‌తోనే దాన్ని దింపించి, దున్ని వదిలేసిన చేను నడుమ పెట్టించాడు. తర్వాత అతన్నీ ఖయ్యూంనూ రోడ్డు పక్కన గొంతుక్కూర్చోబెట్టాడు. ప్రయాణికులు బస్సు వెనక్కి చేరారు.

"ఏముందిరా అందులో?"

"దుప్పటి, చీరె సార్. పెండ్లికి పోతున్నం."

"దుప్పటికి ఆ తీగె ఎందుకు?"

"అది వాయిద్యం సార్."

"హౌ సార్, నిజమే, ఇంగ్లండోళ్ళ బాజా" అన్నాడు ఖయ్యూం సాయంగా. "నేను గుడ రేకు వాయిస్త. సూడుండ్రి" అంటూ జేబులో చెయ్యి పెట్టి అంగుస్తానాలు తీశాడు. ఎండలో అవి తూటాల్లా మెరిశాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకేసారి అరిచి అతని చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు. అంగుస్తానాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"ఎవడు నేర్పాడు ఇదంతా?"

"విల్ఫ్రెడ్ సాబు, సార్."

"ఎక్కడుంటాడు?"

"లండన్ల."

ఎస్సై పక్కవాడితో, "విదేశీయుడు ఉన్నాడని రాసుకో" అన్నాడు.

దేవదాస్ రెండు చేతులూ జోడించాడు. "నేనే పోయి కుట్లు ఇప్పి సూపెడుత సార్" అన్నాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే కాలుస్తాను." ఎస్సై పిస్తోలు బయటికి తీశాడు. కాసేపు ఆలోచించి అన్నాడు: "డ్రైవరు దగ్గర డీజిలు తీసుకోండి. దూరం నుంచి తగలబెట్టండి. అందులో ఏమీ లేకపోతే కాలిపోతుంది, మీరు మీ పెళ్ళికి పోండి."

ఖయ్యూం ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిది సార్. కాలవెట్టుండ్రి, ఫికర్ లేదు."

"వద్దు సార్" అన్నాడు దేవదాస్.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదంటాడు. ఖయ్యూం మోచేత్తో పొడిచాడు. "పాగల్ అయినవా? దుప్పటి మళ్ళ కొనుక్కోవచ్చు."

"ఎందుకు వద్దు?" ఎస్సై గొంతు మారింది.

దేవదాస్ ఏం చెప్పగలడు? ఒక సాయంత్రం దర్జీ దుకాణం ముందు బూటు కాలు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆగని రైలు గురించి పాడిన మనిషి ఉన్నాడని చెప్పాలా? "మా సాబు కాలు వెట్టిన జాగ ఉన్నది సార్, దాని మీద" అన్నాడు.

"ఏదో ఉంది అందులో. ఇద్దర్నీ జీపెక్కించండి."

జీపు వెనక తలుపు తెరిచారు. బస్సు వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది. అది యాదవ్వ కాదు. యాదవ్వ అప్పటికే కొంగు నడుముకు దోపుకుని రోడ్డు దిగి చేనులోకి నడుస్తోంది.

"ఏ అవ్వా! ఆగు!"

ఆమె ఆగలేదు. మట్టిగడ్డలు కాళ్ళకు గుచ్చుకుంటుంటే అటూ ఇటూ ఒరుగుతూ నడిచింది. ఎస్సై పిస్తోలు ఎటు తిప్పాలో తెలియనట్టు నిలబడ్డాడు. "వెనక్కి రా! పేలుతుంది!" అని అరిచాడు. జనం నేల మీద కూర్చున్నారు, కొందరు చెవులు మూసుకున్నారు. దేవదాస్ లేవబోతే భుజం మీద తుపాకి మడమ ఆనింది.

యాదవ్వ పెట్టె దగ్గరికి పోయి, కొంగుతో దాని మీది దుమ్ము దులిపి, రోజూ కూర్చున్నట్టే కూర్చుంది.

ఏమీ కాలేదు. గాలికి ఎండుగడ్డి కదిలిన చప్పుడు కూడా వినిపించిందట.

"నేను కాపురానికి వచ్చిన సంది దీని మీదనే కూసోని బియ్యం ఏరుతున్న" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "ఇన్నేండ్లు పేలంది ఇయ్యాల నీ ముంగట పేలుతదా బిడ్డా?" లేచి పెట్టెను ఒరగేసి, గోనెగుడ్డ కుట్లను రెండు చేతులా పట్టి చింపింది. పూల దుప్పటి లాగి ఎస్సై వైపు దులిపింది. దాని వెంట చీర జారిపడింది.

ఎస్సై పిస్తోలు దించాడు గానీ లోపల పెట్టలేదు. అంతమంది ముందు అతని ముఖం కందిపోయింది. "సరే, దుప్పటే. ఆ తీగె మాత్రం పేల్చే తీగెనే కదా? వాయిద్యం అన్నావుగా, వాయించు చూద్దాం. వాయిద్యం కాదని తేలితే జీపు ఇక్కడే ఉంది."

దేవదాస్ చేనులోకి నడిచాడు. పెట్టెను బోర్లించాడు.

"ఇగ వాయించు" అంది యాదవ్వ, పెట్టె అంచున ఒక పక్కగా మళ్ళీ కూర్చుంటూ. "నీ సాబు కాలు వెట్టిన జాగను కప్పలే, జర పక్కకే కూసున్న."

అతను కట్టె నిలబెట్టి, గుంటలో కాలు పెట్టి, తీగె లాగాడు. ధుమ్మంది. బస్సు వెనక తలలన్నీ ఒక్కసారి వంగాయి. రెండో స్వరం తప్పు పోయింది. మూడోది కూడా తప్పే. ఆగలేదు. రోడ్డు పక్కన ఒక కానిస్టేబుల్ వంగి అంగుస్తానాలు ఏరి ఖయ్యూం చేతిలో పోశాడు. ఎవరో బస్సులోంచి అందించిన రేకును ఒళ్ళో పెట్టుకుని ఖయ్యూం గీకడం మొదలుపెట్టాడు. అతని కుడిచెయ్యి అప్పటికే వాస్తోంది. చేనులోంచి దేవదాస్ పాడాడు, రోడ్డు మీంచి ఖయ్యూం అందుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ ఇంగ్లిషు మాటల్లో ఒక్కదానికీ అర్థం తెలియదు. డ్రైవరు బస్సు రేకు మీద అరచేత్తో తాళం వేశాడు.

పాట అయ్యాక ఎస్సై పిస్తోలు ఒరలో పెట్టాడు. అంగుస్తానాలు ఏరిన కానిస్టేబుల్, కొమురెల్లి అతని పేరు, అప్పుడు నోరు విప్పాడు. "మా బాపు శ్రీరాంపూర్ బాయిల జేస్తడు సార్. మా ఇంట్ల గూడ గిసొంటి పెట్టెల్నే కోళ్ళను కమ్ముతం."

"ఇప్పుడా చెప్పేది?"

"మీరు అడుగలే సార్."

తీగె మాత్రం పోలీసులు ఉంచుకున్నారు. బస్సు కదిలాక యాదవ్వ అంది: "కాలవెట్టుమంటె కాలవెట్టమనక, గంత పానం మీదికి తెచ్చుకుంటవా? పెట్టె ఎక్కువనా, నేనెక్కువనా?" దేవదాస్ ఆమె పాదానికి గుచ్చుకున్న ముల్లును వంగి తీశాడు.

పెళ్ళింట్లో ఖయ్యూం దర్జీ నూలును ఎన్నో పేటలు పేని తాడు చేశాడు. చప్పుడు మెత్తగా వచ్చింది, విల్ఫ్రెడ్ సాబు కాలంలో వచ్చినట్టు. నజీరుద్దీన్ బెంజో మీద రైలు పాట ఎత్తుకోగానే దేవదాస్ కాలు గుంటలోకి దానంతట అదే వెళ్ళింది.

దేవదాస్ ఇప్పుడు పని నుంచి రిటైరై బెల్లంపల్లిలో అదే ఇంట్లో ఉంటున్నాడు. ఆదివారాలు చర్చిలో పెట్టె వాయిస్తాడు. దానికి నూలుతాడే కడతాడు.