వెనక్కి పెట్టుకొన్న చేతులు

ఆదిత్యపూర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే దువ్వెన కనిపించకపోతే ఎవరూ వెదకరు. అది బడికి బయలుదేరి ఉంటుంది. దువ్వెనతోపాటు ఒక కప్పు, ఒక చెంచా, సబ్బుపెట్టె, తాళంకప్ప బాలకుమారి చేతిసంచిలో చేరి, షేర్ ఆటోలో ఖర్కాయి నది వంతెన దాటి పర్సుడీహ్ చేరుకొంటాయి. అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలు వాటిని బల్లమీదినుంచి ఒక్కొక్కటే ఎత్తి పట్టుకొని, "దిస్ ఈజ్ ఎ కప్," "దిస్ ఈజ్ ఎ స్పూన్" అని చెప్పడం నేర్చుకొంటారు.

"మనింట్లో దువ్వెనకి కూడా ఇంగ్లీషొచ్చేసింది. నా జుట్టుకే ఇంకా దువ్వెన రాలేదు," అన్నాడు ఆ గురువారం ఉదయం ఆమె భర్త ఫ్రాంక్లిన్, వేళ్లతో తల సవరించుకొంటూ. ఆయన అక్కడి ఒక చిన్న కార్ఖానాలో లేత్ యంత్రం మీద పని చేస్తాడు.

బాలకుమారి నవ్వలేదు. "రేపే మేడమ్ పరీక్ష. ఆ పిల్ల ఇంకా నోరిప్పలేదు."

"ఏ పిల్ల?"

"రోహిణి. రోజూ చెప్తన్నాను కదా. అసలు ఇంటన్నారా మీరు?"

పరీక్ష చిన్నదే. ప్రధానోపాధ్యాయురాలు బల్ల వెనుక కూర్చుంటారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఎవరి సాయమూ లేకుండా ఒక వస్తువును తమంతట తామే ఎత్తి, దాన్ని గురించి ఒక వాక్యం చెప్పాలి. చెప్పలేనివారు మరుసటి ఏడు కూడా అదే తరగతిలో ఉండిపోవాలి. రోహిణి తండ్రి అప్పలరాజు కర్మాగారంలో కాంట్రాక్టు కూలీ. బడి గేటు దగ్గర అతడు ముందే చెప్పివేశాడు: "మల్లీ అదే కిలాసంటే నావల్ల కాదు మేడమ్. మానిపించీసి మాయమ్మ ఎంట పనికి పంపీత్తాను." ఆ మాటలో కోపం లేదు. అందుకే బాలకుమారికి అది మరింత భయం కలిగించింది.

ఆమె స్వతహాగా భయస్థురాలు. తండ్రి ఏసుదానం తెలుగు కోస్తానుంచి ఇనుము పోత పనికి ఈ హిందీ మాట్లాడే ఊరు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకొన్నవాడు. హిందీ మాధ్యమంలో చదువుకొన్న ఆమె, ఒక ఇంగ్లీషు వాక్యాన్ని పదిమందిలో పలకడానికి సాహసించింది పెళ్లీడు వచ్చిన తరువాతనే. నవ్వుతారేమోనన్న బెదురు నేటికీ ఆమెను విడువలేదు. ప్రధానోపాధ్యాయురాలి గదిలోకి అడుగుపెట్టే ముందు, చెప్పవలసిన మాటను గుమ్మం బయటే ఒకసారి పెదవుల మధ్య నెమరువేసుకొంటుంది.

రోహిణి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. బల్ల ముందు నిలబడగానే ఆ పిల్ల చేతులు రెండూ వెనక్కి పోతాయి. వస్తువు వంక ఒక్కసారి చూసి, చూపు నేలకు దించుకొంటుంది. బుజ్జగించినా అంతే, గద్దించినా అంతే. మందబుద్ధి కాబోలునని బాలకుమారి ఒకనాడు ప్రధానోపాధ్యాయురాలితో అనేసింది కూడా.

గురువారం సాయంత్రం మనుమరాలిని తీసుకువెళ్లడానికి అప్పలరాజు తల్లి నూకమ్మ ఇళ్లలో పని ముగించుకొని వచ్చినప్పుడు బాలకుమారి ఆమెను లోపలికి పిలిచింది.

"కూర్చోండి, పెద్దమ్మా."

"పరవానేదు టీచరమ్మా, ఇలగే నిలబడతాను. ఏటి, గుంట ఏటైనా తప్పు సేసిందేటి?"

"తప్పేం చెయ్యలేదు. అసలేమీ చెయ్యట్లేదు. వస్తువు ముట్టుకోమంటే ముట్టుకోదు."

నూకమ్మ ముఖం తేటపడింది. "ముట్టుకోదు. నానే వద్దన్నాను."

అప్పుడు చూసింది బాలకుమారి. గుమ్మం దగ్గర నిలబడిన ఆ ముసలమ్మ చేతులు కూడా వెనక్కే ఉన్నాయి.

"దానమ్మ కూడా పనికెల్లిపోద్ది. సెలవు దినాల్లో దీన్ని నా ఎంట ఇల్లిల్లూ తిప్పుకుంటాను," అన్నది నూకమ్మ. "ఓ ఇంట్లో సెవిదుద్దు కనబడనేదని దీని గౌను ఎతికీసినారు. ఆకరికి ఆయమ్మ తలగడ కిందే దొరికింది. ఆ దినం నుంచి దీనికి ఒకటే మాట సెప్పినాను. పరాయోల సామాను కాడ సేతులు ఎనక్కి."

బాలకుమారి రోహిణి గౌను వంక చూసింది. "ఇది బడి కదా పెద్దమ్మా. ఇక్కడ ముట్టుకోవచ్చని ఒక్క మాట చెప్పండి. రేపే పరీక్ష."

"సెప్పను." ఆ మాట మెత్తగానే వచ్చింది. "ఈ బల్ల కాడ ముట్టుకో, ఆ బల్ల కాడ ముట్టుకోకు అంటే ఇంత గుంటకి ఏటి తెలుస్తాది? రేపు ఆలింట్లో ఏటో ఎత్తిందనుకో. నా పనీ పోద్ది, మా పేరూ పోద్ది. తమరొచ్చి నిలబడతారేటి?"

బాలకుమారి సంచిలోకి చూస్తూ కప్పును వేళ్లతో తడిమి అడిగింది: "పోనీ, ఎవరైనా చేతికిస్తే?"

"సేతికిత్తే తీసుకుంటాది. అది దొంగతనం గాదు గదా."

బాలకుమారి కప్పు తీసి చాపింది. రోహిణి తల తిప్పి, "లే లూఁ, దాదీ?" అని, తీసుకోనా అన్నట్టు నానమ్మను హిందీలో అడిగింది. నూకమ్మ తల ఊపింది. పిల్ల రెండు చేతులతో కప్పు అందుకొని, వినీ వినబడనంత సన్నగా, తప్పు లేకుండా, "దిస్ ఈజ్ ఎ కప్" అని, వెంటనే టీచరు చేతిలో తిరిగి పెట్టివేసింది.

అన్నీ వచ్చునన్నమాట. ఆ సంతోషం ఆటో వంతెన ఎక్కేవరకైనా నిలవలేదు. రేపు చేతికిచ్చేవారెవరు? ఎవరి వస్తువు వారే ఎత్తాలన్నది నియమం. దాన్ని మార్చమని అడగాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే చెవిదుద్దు సంగతి బడి అంతా పాకుతుంది. ఒకసారి గౌను వెదికించుకొన్న పిల్లను ఆ తరువాత ఎవరు మామూలుగా చూస్తారు?

శుక్రవారం నాడు పిల్లలు వరుసగా వచ్చారు. శ్వేత అనే పిల్ల చెంచా ఎత్తి, అడగకుండానే దువ్వెన కూడా ఎత్తి వాక్యం చెప్పింది. తరువాత రోహిణి. చేతులు వెనక్కి పోయాయి.

"ఉఠావో, బేటా," అని, ఎత్తమన్నారు ప్రధానోపాధ్యాయురాలు. కొంచెం ఆగి మళ్లీ అన్నారు. ఆ పైన బాలకుమారి వైపు తిరిగి, "మందబుద్ధి అని మీరే చెప్పారుగా," అని హిందీలో అంటూ కలం అందుకొన్నారు.

కిటికీ అవతల వరండాలో నూకమ్మ నిలబడి ఉన్నది. గుమ్మం బయట నెమరువేసుకొని వచ్చిన మాట ఒక్కటీ బాలకుమారికి గుర్తు రాలేదు.

"నేను పొరబడ్డాను, మేడమ్," అన్నది హిందీలోనే. "మీ చేత్తో ఇచ్చి చూడండి."

"అందరికీ ఒక నియమం, దీనికొకటా?"

"అది మీ బల్లమీది వస్తువు. మీరివ్వకుండా తీసుకోకూడదని ఇంట్లో నేర్పారు." అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. తన చేతులు కూడా వెనక్కి పోయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉన్నాయని అప్పుడు తెలిసింది.

కలం కాగితం మీద ఆగింది. ప్రధానోపాధ్యాయురాలు కప్పును దాటి, చెంచాను దాటి, తాళంకప్ప తీసి ముందుకు చాపారు. బాలకుమారి తాళంకప్ప పేరు ఆ పిల్ల నోట ఒక్కసారీ వినలేదు.

రోహిణి కిటికీ వైపు చూసింది. రెండు చేతులతో అందుకొని, దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దిస్ ఈజ్ ఎ..." ఆగింది. "లాక్."

తాళంకప్పను ఎవరిచ్చారో వారి చేతిలోనే జాగ్రత్తగా తిరిగి పెట్టింది.

"మాట గట్టిగా రావాలి," అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. "సరే, రెండో తరగతి. ఇక వెళ్లు."

పిల్ల కదలలేదు. చేతులు వెనక్కి పోలేదు. దోసిలి పట్టి, బల్ల మీది దువ్వెన వంకే చూస్తూ, ఎవరైనా అందిస్తారేమోనని నిలబడింది.