మాట పడిపోయిన ల్యాప్‌టాప్‌తో గిద్దలూరు దాకా

దొనకొండకు ఏడుంబావుకు రావలసిన రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నాయన నన్ను జనరల్ బోగీలో కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగిపోయాడు. పదకొండు గంటలకు గిద్దలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర పాఠం చెప్పి చూపించాలి. వాళ్లకు నచ్చితే ఉద్యోగం.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. డిగ్రీ, పీజీ దాంతోనే నెట్టుకొచ్చాను. ఆ రోజు పాఠం నోట్సూ అందులోనే ఉంది. ముందురోజు సాయంత్రం ఏదో అప్‌డేట్ ఎక్కాక మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది గానీ మాట లేదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయని నాయన చెప్పాడు. గంటసేపు చూసినా అంతే. రిపేరు దుకాణంలో ఫార్మాట్ చేయాలి, ఉన్నవన్నీ పోతాయి అన్నారు. వద్దని తెచ్చేసుకున్నాను.

స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పీజీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్లో ఒక దారి చెప్పింది. ఆన్ చేశాక బూట్ అవుతుండగా మూడుసార్లు మధ్యలో ఆపేస్తే తర్వాత మరమ్మతు పేజీ వస్తుంది, అందులో కొత్త అప్‌డేట్‌ను తీసేయొచ్చు అంది. కానీ ఆ పేజీ నాతో మాట్లాడదు. ఎవరైనా చదివి చెప్పాలి.

గజ్జెలకొండ దాటాక ఎదురు సీట్లో ఆమెను పలకరించాను. పేరు మరియమ్మ, కంభం దగ్గర మిరపకాయల కోతకు పోతోంది. ఇంగ్లీషు వచ్చా అని అడిగాను.

"ఏబీసీడీలు వచ్చు పాపా. మా పిల్లకు నేనే నేర్పించినా. కలిపి చదవడం రాదు."

"కలపడం నాకొస్తాదక్కా. నువ్వు అక్షరాలు చెప్పు చాలు."

ఆమె లేచి నా పక్కకు వచ్చింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని మూడుసార్లు ఆపాను. మార్కాపురం రోడ్డులో జనం తోసుకుంటూ ఎక్కారు, ఇడ్లీలమ్మే ఆయన అరుస్తున్నాడు. ఆ గోలలోనే మరియమ్మ తెరంతా నీలంగా అయిందని, నడుమ డబ్బాలు వచ్చాయని చెప్పింది. ఒక్కో అక్షరమే పలికింది, నేను కూడబలుక్కున్నాను. ట్రబుల్‌షూట్ దొరికింది. తర్వాతి పేజీలో బాణం మీటలు నేను నొక్కుతుంటే గీత ఏ డబ్బా చుట్టూ ఉందో ఆమె చెబుతోంది.

"ఆర్, ఈ, ఎస్, ఈ, టీ."

నా వేలు ఎంటర్ మీదే ఉంది. అది రీసెట్. నొక్కితే నా ఫైళ్లు మిగులుతాయో లేదో తెలియదు. చేయి వెనక్కి తీసుకున్నాను. కిందికి పోదామక్కా అని నిదానంగా దిగాం. చివరికి అన్‌ఇన్‌స్టాల్, అంటే తీసేయడం, అన్న మాట వచ్చింది. ఆమెతో రెండుసార్లు చదివించుకుని ఎంటర్ కొట్టాను.

తర్లుపాడు దాటింది. మళ్లీ చుక్కలు తిరుగుతున్నాయంది మరియమ్మ. కంభం దగ్గర పడుతోందని ఆమె సంచి ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు ల్యాప్‌టాప్ మాట్లాడింది.

"ఏమంటాంది పాపా?"

"పాస్‌వర్డ్ అడగతా ఉందక్కా."

నోట్సు ఉంది, అంతా ఉంది. తన పేరు పలుకుతుందా అని మరియమ్మ అడిగింది. టైపు చేశాను. యంత్రం "మరియమ్మ" అంది. ఇంకోసారి అనిపించమని అడిగి, అదీ విని, కంభంలో దిగిపోయింది.

గిద్దలూరులో షేర్ ఆటో ఎక్కి పదిన్నరకే కాలేజీకి చేరాను. పాఠం నలభై నిమిషాలు సాగింది. వెనక బెంచీల నుంచి కూడా ప్రశ్నలు వచ్చాయి. సోమవారం నుంచి రమ్మన్నారు.

తిరుగు రైలు సాయంత్రం. కంప్యూటరుతో బయల్దేరేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే: అప్‌డేట్ తర్వాత బూట్ ఆగిపోతే వెంటనే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి, ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో కాపీ ఉంచుకోండి. ఇన్నాళ్లూ ఎవరినీ సాయం అడగకుండా తిరగడమే నా గొప్ప అనుకునేదాన్ని. ఆ రోజు అడిగినందుకు చిన్నతనం అనిపించలేదు.

చీకటి పడ్డట్టుంది, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. పక్కన కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, బయట ఏమీ కనపడడం లేదని, మార్కాపురం దాటిపోయిందేమోనని కంగారుపడ్డాడు. నేను ఆగిన స్టేషన్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

"లేదు తాతా, ఇప్పుడే తర్లుపాడు పోయినాది. ఈసారి ఆగేది మార్కాపురమే. సంచులు సర్దుకో."