వైరాగ్యం అనిపించుకున్న జబ్బు

ఇటుక మీద నిలబడి, నడుముకు చేతులు ఆనించుకుని, భక్తుడు నోరు తెరిచే దాకా ఓపికతో చూసే విఠలా, నీకు జయం. అంతా తెలిసి కూడా నా మెడలోని తులసిమాలను తెంపని తండ్రీ, నీకు జయం.

చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి గుండె మీద ఒక బరువుంది. నా జబ్బుకు భక్తి అని పేరు పెట్టుకున్నాను. నా భార్య ఆరోగ్యానికి రోగమని పేరు పెట్టాను. ఆమె పేరు ఇక్కడ రాయను.

మాకు నాందేడ్‌లో బట్టల దుకాణం. సొంతూరు కుండల్‌వాడి. అక్కడి గుడిలో ఏటా సప్తా జరుగుతుంది. ఏడు రోజులు రాత్రింబవళ్లు నామం ఆగదు, వీణ నేలను తాకదు. ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి మారుతుందంతే. చిన్నప్పటి నుంచీ వీణ పట్టి నిలబడేవాణ్ణి. ముప్పై దాటాక ఒక సప్తాలో, నా వంతు సగం కాకముందే కాళ్లు వణికాయి. పక్కాయన అందుకోకపోతే వీణ కింద పడేది.

అప్పటికే చాలా రోజులుగా ఒళ్లు నాది కాదు. నిద్ర లేచినా అలసటే. గడ్డం పలచబడింది, కండ కరిగింది. భార్య పక్కన రాయిలా పడుకునేవాణ్ణి. భజన మండలిలో మాత్రం, "తపస్సుకు సన్నవడ్డడు, మొఖంల కళ సూడుండ్రి" అనేవాళ్లు. నాకు అది నచ్చింది. నచ్చింది అన్న ఈ ఒక్క మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

వీణ జారాక భయమేసి, ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన పొద్దున్నే రక్తం తీయించాడు. ఈ హార్మోనును పొద్దునపూటే కొలవాలట. ఇంకో పొద్దున మళ్లీ తీయించాడు. రెండుసార్లూ టెస్టోస్టిరాన్ బాగా తక్కువ. మెదడు కింది చిన్న గ్రంథి సరిగా పనిచేయడం లేదన్నాడు. షుగరులాగే ఇదీ ఒక జబ్బు, సిగ్గెందుకు, మందుంది అన్నాడు. పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పాలట. నేరుగా ఆ హార్మోనే ఇస్తే బీజం తగ్గిపోతుంది, అలాంటివాళ్లకు వేరే సూదులు ఉన్నాయి. ఈసారి మీ భార్యను కూడా తీసుకురండి అన్నాడు.

తల ఊపి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదు? మందు తీసుకుంటే, నాది వైరాగ్యం కాదని నేనే ఒప్పుకున్నట్టు. జనం నా కాళ్లకు మొక్కడం ఆగిపోతుంది. అంతకు మించి కారణం లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం, జొన్నలు చెరుగుతూ ఆమె అడిగింది.

"నా మీద మనసు లేదా మీకు? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

"మెడల మాల ఉన్నది. గిసొంటి ముచ్చట తియ్యకు."

"మాల మీ బాపు మెడల గూడ ఉండె గదా. మరి మీరు ఐదుగురు ఎట్ల పుట్టిండ్రు?"

నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వుతాననుకుంది.

"నీది కోరిక గాదు, రోగం."

చేట ఆగింది. "రోగమైతే దవాఖానకు తోల్కపోండ్రి" అంది.

దవాఖాన నుంచి వచ్చింది నేను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గుడిలో ప్రవచనాలు చెప్పే నోరు అది. మూసుకునే ఉంది.

తర్వాతి ఏకాదశికి ఆమె కూడా మాల వేసుకుంది. ఆ ఏటి సప్తాలో కీర్తన చెప్పే మహరాజ్ మా ఇద్దరినీ నిలబెట్టి, సంసారంలో ఉండి సన్యాసం పాటించే జంట అని దండలు వేయించాడు. పిల్లల సంగతి ఆడవాళ్లు అడిగితే ఆమె "దేవుడియ్యలే" అని తలవంచుకుంది. నేను వైరాగ్యం మీద ప్రవచనం చెప్పాను. లోపల కోరిక పెట్టుకుని పైకి నిగ్రహం నటించేవాణ్ణి మిథ్యాచారి అంటారు. గెలవడానికి లోపల కోరికే లేనివాడు, గెలిచానని చెప్పుకుంటే వాణ్ణి ఏమంటారు?

ఇలాగే ఇరవై ఏళ్లు గడిచాయి. పోయిన ఏడు దుకాణం మెట్టు మీద జారితే మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకు విరగకూడదట. ఇన్నేళ్లు మందు లేక ఎముకలు గుల్లబారాయి. ఇప్పుడు ఆ హార్మోను సూదులే తీసుకుంటున్నాను. రక్తం మరీ చిక్కబడకుండా మధ్యమధ్య పరీక్ష చేస్తారు. సూదులు ఎముకలకే అనుకుంది ఆమె. నెలలు గడిచే కొద్దీ ఒంట్లోకి సత్తువ వచ్చింది. ఒక సాయంత్రం ఆమె తడి జుట్టు విదిలించుకుంటుంటే చూపు తిప్పుకోలేకపోయాను. నేను రోగమన్నది దేన్నో అప్పుడు తెలిసింది. అది దేవుడు పెట్టిన ఆకలి. నేను తిననని చెప్పి, ఆమె ముందున్న పళ్లెం కూడా లాగేశాను. ఇప్పటికి ఆమెకు ముట్లు కూడా ఆగిపోయాయి, ఇక పిల్లలు పుట్టరు.

మొన్న ఏకాదశి నాడు అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"నన్ను గా మాట అనకముందే పోయిండ్రా దవాఖానకు?"

"ముందుగాలనే."

మెడలోని మాల తీసి దేవుడి గూట్లో పెట్టింది. వంటింట్లోకి పోయింది. మళ్లీ వేసుకుంటుందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. క్షమించమని కూడా అడగలేదు. అయినా ఆ రాత్రి, ఎన్నో ఏళ్ల తర్వాత, విఠలుని ముఖంలోకి చూడగలిగాను.

మీరు నాతో పాటు చేతులు జోడించండి. నా కోసం వద్దు. ఆమె పోగొట్టుకున్నది నీ లెక్కలో ఉండనీ తండ్రీ అని వేడుకుందాం. ఏదో ఒక భజనలో నాలాంటివాడు, ఒంటి నీరసాన్ని మనసు గెలుపనుకుని మురిసిపోతూ ఉంటాడు. వాణ్ణి దవాఖానకు పంపు, తిరిగొచ్చాక భార్య ముందు వాడి నోరు తెరిపించు విఠలా అని వేడుకుందాం.