మూడు ఊళ్ళు, రెండు బస్సులు

ఉద్యోగపు ఉత్తరువు చేతికొచ్చిన రోజు దాన్ని నాలుగుసార్లు లోపల్లోపల చదువుకుని, ఐదోసారి వీధిలోకి వినిపించేలా పైకి చదివాను. వేంపల్లెలో మా చర్చి వీధికి టీచర్లు కొత్త కాదు. మా తాత, మా నాయన, ఇద్దరు మేనత్తలు అందరూ బడిలోనే బతికినవాళ్ళు. కానీ హైస్కూల్లో లెక్కలు చెప్పబోయే ఆడమనిషిని మాత్రం నేనే మొదలు. ఇరవై మూడేళ్ళు నాకు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మరునాటి నుంచి ఇంట్లో రభస మొదలైంది. బడి ఉన్నది చిన్న ఊళ్ళో. దాని పేరు చెప్పను, చెప్తే అక్కడి రెండు వీధుల వాళ్ళూ నొచ్చుకుంటారు. ఎన్నికల మాట వినపడితే చాలు మగవాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయే కాలం అది. బయటి ఉద్యోగస్తులెవరూ అక్కడ కాపురం ఉండరని అందరూ చెప్పారు. వేంపల్లె నుంచి రోజూ పోయి రావడమంటే అయ్యే పని కాదు. ఇక మిగిలినవి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. మూడింటి నుంచీ ఆ ఊరు ఇంచుమించు ఒకే దూరం. ఎక్కడుండాలి అన్నదే ప్రశ్న.

అమ్మ ఓటు పులివెందులకు. అక్కడ మా పిన్ని ఉంది. పిన్ని దగ్గర నాకొక మంచం, ఒక కంచం, తెల్లవారుజామున ఐదుకు ప్రార్థన, సాయంత్రం ఎందుకు ఆలస్యమైందన్న విచారణ అన్నీ సిద్ధంగా ఉంటాయి. నాయన ఓటు జమ్మలమడుగుకు. ఆయన చదివింది అక్కడి మిషన్ హాస్టల్లో. మనవాళ్ళ కాంపౌండు, మన చర్చి, ఆరు కొట్టగానే గేటుకు తాళం. ఆ తాళం గురించి చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఎంత సంతోషమో! నా ఓటు ప్రొద్దుటూరుకు. ఎందుకని అడిగితే బస్సులు బాగుంటాయని చెప్పాను. అబద్ధం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు, గుడ్డల అంగళ్ళు, సినిమా హాళ్ళు ఉన్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా నేను ఎవరి కూతురినో తెలిసిన మనిషి అక్కడ ఒక్కరూ లేరు.

నాయన న్యాయంగల మనిషి. మూడు ఊళ్ళూ చూసి తేల్చుకుందాం పదమని తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. జమ్మలమడుగులో ఆయన పాత హాస్టలు గోడ దగ్గర అరగంట నిలబెట్టి తాను ఎక్కి దూకిన చోటు చూపించాడు. మీరు దూకిన గోడ లోపల నన్నుండమంటారేంది అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పులివెందులలో పిన్ని మాకు చీనీకాయల రసం ఇచ్చి, నా బట్టలు పెట్టుకోవడానికి బీరువాలో ఖాళీ చేసిన అర కూడా చూపించింది. ఆ అర చూడగానే నేను ప్రొద్దుటూరు బస్సు వేళ అడిగాను.

ప్రొద్దుటూరులో మాత్రం గంటలో పని అయిపోయింది. సాలెవాళ్ళ మగ్గాలు చప్పుడు చేస్తున్న ఒక సందులో మేడ మీద ఒకే ఒక గది. కింద ఇంటామె ముస్లిము, భర్త పోయి చాన్నాళ్ళయింది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఎవరో రంగు వేసి ఆరేసిన నూలు చిలపలు, ఎరుపూ పసుపూ దారపు కట్టలు. నాయన తలుపు గడియ గట్టిదా కాదా అని పదిసార్లు వేసి తీశాడు. ఆమె మెట్ల కింద నిలబడి, "గడియ గట్టిదే సాబ్, ఈ వీధిలో అందరికంటే నేను గట్టిదాన్ని" అంది. నాయన గడియ వదిలి కిందికి దిగి అద్దె లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె తాళంచెవి నా చేతికిచ్చింది. నా జీవితంలో నాదంటూ ఒక తాళంచెవి అదే మొదటిది. ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే వెళ్ళి కారం దోసె తిన్నాను, ఎవరినీ అడగకుండా రెండోది కూడా చెప్పాను.

ఉద్యోగంలో చేరిన రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. ప్రొద్దుటూరు నుంచి ఆ ఊరికి ఒక ప్రైవేటు బస్సు ఉంది. ఎక్కగానే ముందు సీట్లో ఒక పెద్దాయన లేచి నన్ను కూర్చోబెట్టాడు. కండక్టరు టిక్కెట్టు కొట్టి, కొత్త మేడమా, మన బస్సులోనే వచ్చిండారు, శానా సంతోషం అన్నాడు. మన బస్సు అన్న మాట నాకు ఎంత నచ్చిందో! టీచరంటే ఈ మర్యాద ఉండాల్సిందే అనుకున్నాను. ఊళ్ళో పై వీధి మొదట్లో, పెద్ద మిద్దె ఎదురుగా దించారు. ఆ ఇంటివాళ్ళు మంచినీళ్ళు ఇచ్చారు. తాగాను.

పదో తరగతిలోకి వెళ్ళి పేర్లు పిలిచాను. మధ్యలో దారి, అటు కొందరు ఇటు కొందరు. రెండో రోజు నా పీరియడుకు గంట కొట్టగానే ఎడమ వైపు బెంచీల వాళ్ళు మాట్లాడకుండా లేచి బయటికి వెళ్ళిపోయారు. మిగతా టీచర్ల పాఠాలకు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మూడో రోజూ అంతే. లెక్కలంటే భయమేమో అనుకున్నాను. లెక్కలు కాదు, నేనే అని నాలుగో రోజు తెలిసింది.

హెడ్మాస్టరు పాతికేళ్ళుగా అక్కడే పని చేస్తున్న మనిషి. అడిగితే తలుపు దగ్గరికి వేసి, మెల్లగా విప్పి చెప్పాడు. ఊళ్ళో పై వీధి, కింద వీధి. రెంటికీ మధ్య ప్రాణాలు పోయాయి. అందుకని పై వీధి వాళ్ళు సంతకైనా, ఆస్పత్రికైనా, వకీలు దగ్గరికైనా ప్రొద్దుటూరే పోతారు. కింద వీధి వాళ్ళు జమ్మలమడుగే పోతారు. ఒకరి ఊళ్ళో ఇంకొకరు అడుగు పెట్టరు. ఆ రెండు ఊళ్ళకూ రెండు ప్రైవేటు బస్సులు, ఎవరి బస్సు వాళ్ళది. నేను వస్తున్నది పై వీధి బస్సులో, లేచిపోతున్నది కింద వీధి పిల్లలు. గవర్నమెంటు బస్సు ఒకటి వచ్చేది గానీ, అద్దాలు పగిలాక రావడం మానేసింది. ఎలక్షనుకొకసారి వీధులు పార్టీలు మారతాయి, బస్సులు మాత్రం మారవు.

"మరి మిగతా సార్లు ఎట్లొస్తాండారు?" అని అడిగాను.

"అందరికీ స్కూటర్లుండాయమ్మా. స్కూటరుకు వీధి లేదు. బస్సులో వచ్చే టీచరు మాకు నువ్వే మొదలు. ఈ పక్కనోళ్ళే గదా, తెలిసే ఉంటాదనుకున్యా" అన్నాడు.

ఈ పక్కదాన్నే, కానీ మా చర్చి వీధిలో బస్సంటే బస్సే. ఫ్యాక్షన్ అనేది పొలాలున్న వాళ్ళ వ్యవహారమని, మనం బడీ చర్చీ చూసుకుంటే చాలని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండింది. ముక్కు మీద కోపం మా మేనత్తల నుంచి వచ్చిందని అమ్మ అంటుంది. ఆ కోపంలో ఒక తెలివితక్కువ పని చేశాను. పొద్దున ప్రొద్దుటూరు బస్సులో వచ్చినదాన్ని, సాయంత్రం కావాలనే కింద వీధికి నడిచి వెళ్ళి జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాను. ఇద్దరికీ సమానం, ఇప్పుడేమంటారు అని నా ధీమా. బస్సులో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఆ రాత్రికి జమ్మలమడుగులో నాయన స్నేహితుడింట్లో తల దాచుకుని, మరునాడు అదే బస్సులో బడికొచ్చాను. నా గది ఇంకా ప్రొద్దుటూరులోనే ఉంది గదా, గంట కొట్టగానే ఎడమ వైపు వాళ్ళు ఎప్పటిలాగే లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు కుడి వైపు వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. ఖాళీ బెంచీలకు పాఠం చెప్పలేక సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.

ఒక్కసారే గదా అని పై వీధి వాళ్ళు నన్ను క్షమించారు. మళ్ళీ ప్రొద్దుటూరు బస్సెక్కితే వాళ్ళ పిల్లలు వచ్చేశారు. అట్లాగే సాగనిద్దామా అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు? నా గది నాకుంది, నా కిటికీ నాకుంది. సగం తరగతితోనే జీతం తీసుకునే టీచర్లు జిల్లాలో నేనొక్కదాన్నే కాదు.

అప్పుడొక పిల్లను చూశాను. కింద వీధి పిల్ల, అందరికంటే ఎడమ చివర కూర్చునేది. నా పీరియడులో మిగతావాళ్ళు వేపచెట్టు కింద కబుర్లు చెప్పుకుంటుంటే ఆ పిల్ల తరగతి కిటికీకి కొంచెం దూరంలో నేల మీద కూర్చుని నోటుబుక్కులో ఏదో రాస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ బుక్కు అడిగి తీసుకున్నాను. బోర్డు మీద నేను చేసిన త్రికోణమితి లెక్కలన్నీ ఎక్కించుకుంది. ప్రతి లెక్కా మూడు నాలుగు వరుసల దాకా సరిగ్గా ఉంది, అక్కడి నుంచి కింద ఖాళీ. ఎందుకు వదిలేశావని అడిగాను.

"ఆడి నుంచి బోర్డు అడుగు కనపడదు మేడమ్. కిటికీ చెక్క అడ్డం" అంది. తర్వాత నా మొహం చూసి, "మా నాయన బడికి పొమ్మనే అంటాడు. ఆ బస్సు మేడమ్ కాడ కూర్చోవద్దంటాడు. పరీక్ష తప్పితే ఇంగ కలుపు తీయడానికే" అని చెప్పింది.

పబ్లిక్ పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. బుక్కు తిరిగిచ్చి స్టాఫ్ రూములో కూర్చుంటే, ఆ పిల్ల రాయలేకపోయిన ఒక్కొక్క లెక్కా నా మనసులో పూర్తవుతూ ఉంది. నా మీద నాకే సిగ్గేసింది.

జమ్మలమడుగుకు మారితే పై వీధి పిల్లలు పోతారు. ప్రొద్దుటూరులోనే ఉంటే ఈ పిల్ల పోతుంది. పులివెందుల నుంచి ఆ ఊరికి బస్సే లేదు. అదే దాని గొప్పతనమని నాకు అప్పుడే వెలిగింది. అక్కడి గవర్నమెంటు ఎర్రబస్సు పెద్ద రోడ్డు మీద ఆ ఊరి అడ్డరోడ్డు దగ్గర దించి పోతుంది, అక్కడి నుంచి ఊరికి గంటసేపు నడక. ఆ మట్టి దారి ఏ వీధిదీ కాదు. ప్రొద్దుటూరు నుంచి ఆ రోడ్డుకు రావాలంటే బస్సులు మారాలి, బడి వేళకు అందదు. ఎటు తిప్పి చూసినా పిన్ని బీరువాలో ఖాళీగా ఉన్న అరే కనిపించింది.

ఆదివారం గది ఖాళీ చేశాను. ఇంటామె ఎందుకని అడిగింది, చెప్పాను. నేను మూటగట్టిన పుస్తకాల ముడి విప్పి మళ్ళీ గట్టిగా కట్టింది. నేను మగ్గాల సందు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. నాయన ట్రంకుపెట్టె మోస్తూ, జమ్మలమడుగైతే ఎంత బాగుండేదో అని ఒకసారి మాత్రం అన్నాడు.

సోమవారం అడ్డరోడ్డు దగ్గర దిగాను. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి దోపుకుని, గొడుగు వేసుకుని నడక మొదలుపెట్టాను. భయం వేయలేదంటే అబద్ధం, కానీ భయం కంటే ఉత్సాహమే ఎక్కువగా ఉంది. ఇదొక్కటీ ఎవరూ చెప్పకుండా నా అంతట నేను తేల్చుకున్న పని. ఊరు దగ్గరపడి మట్టి దారి బస్సుల రోడ్డులో కలిశాక వెనక నుంచి ప్రొద్దుటూరు బస్సు వచ్చి పక్కన ఆగింది. కండక్టరు ఎక్కమన్నాడు. వద్దు, నడుస్తానన్నాను. కాసేపటికి జమ్మలమడుగు బస్సు వచ్చి, అదీ నెమ్మదించింది. డ్రైవరు ఎక్కమనలేదు గానీ తల బయటికి పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయనకూ చెయ్యి ఊపాను. దుమ్ము కొట్టుకున్న మొహంతో బడి గేటులో అడుగుపెట్టినప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ వారమంతా ఎడమ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. నడుస్తూనే ఉన్నాను. కాళ్ళకు బొబ్బలు లేచాయి, పిన్ని రోజూ ఉప్పునీళ్ళు కాచి పెట్టి, అంతసేపూ తిడుతూ ఉండేది. ఎనిమిదో రోజు దారి మధ్యలో ఒకాయన సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, పెద్ద మీసాలు. తాను ఆ ఎడమ చివరి పిల్ల నాయననని చెప్పుకుని, సూటిగా అడిగాడు.

"యాడుంటాండావమ్మా ఇప్పుడు?"

"పులివెందులలో."

"ఆడ ఎవురి తట్టు మీరు?"

ఎవరి తట్టూ, ఎవరి పక్షమూ కాదంటే ఆ రోజుల్లో ఎవరూ నమ్మరు, పైగా అనుమానపడతారు. ఎండ, బొబ్బలు, రాత్రి తిన్న తిట్లు అన్నీ కలిసి నోటికొచ్చింది చెప్పేశాను.

"మా పిన్ని తట్టు. ఆమెకు ఎదురు తట్టు లేదు."

ఆయన నవ్వలేదు. దుమ్ము పట్టిన నా చెప్పుల వైపు చూశాడు. సైకిలు తిప్పుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం గంట కొట్టాక నేను బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తుంటే వెనక ఎవరూ లేవలేదు. తిరిగి చూశాను. ఎడమ బెంచీల్లో అందరూ ఉన్నారు. చివరి పిల్ల చెయ్యెత్తింది.

"మేడమ్, పరీక్షలయ్యేదాకా మీరు నడిచే వస్తారా?"

"వస్తాను."

"ఒక్క దినం బస్సెక్కినా మా నాయన మానిపిస్తాడంట" అంది. బెదిరించడం కాదు, ఉన్నమాట చెప్పింది. తరగతి రెండు వైపులా నా జవాబు కోసం చూస్తోంది.

త్రికోణమితి మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ నాలుగు నెలల్లో రెండుసార్లు జ్వరమొచ్చింది. రెండుసార్లూ నడిచే వెళ్ళాను.