అత్తయ్య వేళ్లకు సరిపోయిన కీబోర్డు

నేను పుట్టి పెరిగింది కోదాడలో. మా నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో పాటలకు హార్మోనియం వాయించడం చిన్నప్పటి నుంచీ నా పని. పెళ్లయి సూర్యాపేట వచ్చాక ఆ పని పోయింది. హార్మోనియం చర్చిది, వెంట తెచ్చుకునేది కాదు. మా ఆయన మార్కెట్ యార్డులో గుమస్తా. రెండు గదుల కిరాయి ఇంట్లో ఆయన, అత్తయ్య, నేను. తొంభైల మొదట్లో సంగతి ఇది.

ఒక మధ్యాహ్నం అత్తయ్యా నేనూ ఎదురెదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. నేను ఏరడం మానేసి చాట అంచు మీద వేళ్లు ఆడిస్తున్నానట. నాకే తెలియలేదు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా ఏళ్లతోటి?" అంది అత్తయ్య.

సిగ్గేసి చెయ్యి తీసేశాను. "ఏం లేదత్తయ్యా. మా ఊళ్లో వాయించే పాటొకటి గుర్తొచ్చింది."

ఆమె మళ్లీ రాళ్లు ఏరడంలో పడింది. ఆ సాయంత్రం కొడుక్కి అన్నం పెడుతూ మాత్రం, "పిల్లకు వాయించుకునే పెట్టె ఒకటి కొనియ్యాలెరా" అంది.

"హార్మోనియమా? ఏడ పెడ్తమమ్మా? ఏడాదికో ఇల్లు మారవడ్తిమి" అన్నాడాయన.

నేను వంటగది గుమ్మంలోంచే మెల్లగా చెప్పాను. "ఇప్పుడు కరెంటువి వస్తున్నాయండీ. కీబోర్డంటారు. సంచిలో పట్టేస్తుంది. మంచం కింద పెట్టుకోవచ్చు."

ఆయన నా వైపు చూశాడు. పెళ్లయ్యాక నేను ఒక వస్తువు గురించి అంత మాట్లాడటం అదే మొదలు. "అట్లయితే సూడుండ్రి. మనకందే ధరల ఉంటే తెచ్చుకోండ్రి" అన్నాడు.

సూర్యాపేటలో రేడియోల షాపుకు వెళితే పిల్లలాడుకునేది ఒకటి చూపించారు. అందులో ఒకసారికి ఒక్క మెట్టే పలుకుతుంది. రెండు కలిపి నొక్కితే ఒకటి మూగబోతుంది. పాటకు తోడుగా వాయించాలంటే కనీసం మూడు నాలుగు కలిసి పలకాలి. అది వద్దన్నాను. మిర్యాలగూడలో ఉండే అత్తయ్య తమ్ముడు, అక్కడ బస్టాండు దగ్గర టేప్‌రికార్డర్ల షాపులో అలాంటివి హైదరాబాదు నుంచి తెప్పించి అమ్ముతున్నారని కబురు పంపాడు. అత్తయ్యా నేనూ ఉదయం బస్సెక్కాం.

మిర్యాలగూడ దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండువైపులా నాట్లు పడుతున్నాయి. అత్తయ్య పుట్టిల్లు అక్కడికి దగ్గరే, వేములపల్లి. మోకాళ్లు పట్టేసేదాకా ఏటా నాట్లకు పోయిన మనిషి. కిటికీలోంచి చూస్తూ, "గా వరుస వంకర పోయింది, సూడు" అంది. నాకు అన్ని వరుసలూ ఒకేలా కనిపించాయి.

షాపతను రెండు కీబోర్డులు గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒంటి చేత్తో ఎత్తుకోవచ్చు. వేణువనీ వయొలిననీ దానికి బోలెడు గొంతులు. రెండోది పొడవుగా, కాస్త బరువుగా ఉంది, గొంతులు తక్కువ. అతను చిన్నదాని మీద ఏదో బటన్ నొక్కగానే డప్పుల చప్పుడుతో పాట దానంతట అదే మొదలైంది.

అత్తయ్య అది అయిపోయేదాకా విని, "అదే వాయించుకుంటే ఇగ మనమెందుకు కొడుకా?" అంది. అతను నవ్వి ఆపేశాడు.

"కరెంటు పోతే ఎట్ల?" ఇది ఆమె రెండో ప్రశ్న.

"సెల్లు ఏసుకోవచ్చు పెద్దమ్మా. రెండిట్లనూ పడ్తయి." తిరగేసి, సెల్లులు వేసే చోటు మూత తీసి చూపించాడు.

నేను చిన్నదాని ముందు కూర్చున్నాను. మెట్లు హార్మోనియం మెట్ల కన్నా సన్నం. అయినా నావి సన్నటి వేళ్లు, కాసేపటికి కుదురుకున్నాయి. మూడు కలిపి నొక్కాను, మూడూ పలికాయి. సంవత్సరం తర్వాత నా చేతి కింద రాగం పుట్టింది. ధర తక్కువ, బరువు తక్కువ. ఇదే తీసుకుందామని మనసులో అనేసుకున్నాను.

"మీరూ ఒకసారి నొక్కి చూడండత్తయ్యా" అన్నాను, ఊరికే.

"నాకేం తెల్సు బిడ్డా" అంటూనే ఆమె కొంగుతో చూపుడువేలు తుడుచుకుంది. జాగ్రత్తగా ఒక మెట్టు మీద ఆనించింది. రెండు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పలికాయి. ఇంకోచోట నొక్కింది. మళ్లీ రెండు. ఆమె వేలు ఒక్క మెట్టు మీద పట్టడం లేదు. టక్కున చెయ్యి తీసి కొంగులో దాచుకుంది.

"నాట్లేసిన ఏళ్లు. గీటికి పడయి. నువ్వు సూసుకో."

ఆమె మొహం చూశాక నేను చిన్నదాన్ని పక్కకు జరిపాను. "అన్నా, ఆ పెద్దది ఆన్ చెయ్యండి" అని, అత్తయ్య చేతిని నేనే పట్టుకుని తెల్లమెట్టు మీద పెట్టాను. ఈసారి ఒక్కటే స్వరం, నిండుగా వచ్చింది. ఆమె వేలు తియ్యలేదు. నొక్కినంతసేపూ అది మోగుతూనే ఉంది.

"ఇది ఆగదా?" అంది.

"మీరు తీసేదాకా ఆగదు."

ఆమె ఇంకాసేపు అలాగే పట్టుకుంది. నా కోసం ఇంత దూరం వచ్చిన మనిషికి ఎవరైనా ఇలాంటిది ఒకటి చేతికిచ్చి, ఆడుకో అన్నారా ఎప్పుడైనా అనిపించింది.

"ఇదే తీసుకుందాం" అన్నాను.

"బరువుంటది బిడ్డా. నీకు నచ్చింది తీస్కో."

"నాకిదే నచ్చిందత్తయ్యా. ఇద్దరం మోద్దాం."

ఇంటికి తెచ్చాక ఆమె దాని దగ్గరికి రాలేదు. నేర్పుతానంటే, "గీ వయసుల నాకెందుకు" అనేది. కానీ రోజూ దుమ్ము తుడిచేది ఆమే. తుడిచి తుడిచి, స్విచ్చి వేసి ఒక మెట్టు నొక్కేది. వంటగదిలో నాకు వినపడుతుందని తెలుసో తెలియదో. కొన్నాళ్లకు ఒకటి రెండైంది, రెండు మూడయ్యాయి. వాటి వెనక ఏదో పాట ఉందని పోల్చుకుని, చేతులు తుడుచుకుంటూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏం పాటత్తయ్యా అది?"

"నాట్లల్ల పాడుకునేది" అంది తల దించుకుని.

"ఒకసారి పాడండి."

ఆమె పాడితే నేను మెట్లు వెతికాను. ఆమెకు చదువు రాదు కనుక స్వరాల పేర్లు పెట్టుకోలేదు. పాడటం, వెతకడం, అంతే మా పాఠం. రెండు వేళ్లతో వాయించేది. బొటనవేలును వాడమంటే, "దాన్ని ఇడిసిపెట్టు, అది ఇనదు" అనేది. ఒక సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పాట సగంలో ఉంది. చెప్పులు విడిచి గడప మీదే కూర్చున్నాడు. అయిపోయాక, "అమ్మా, ఇంకోసారి" అన్నాడు. ఆమె ఉలిక్కిపడి లేచి, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేవు.

మరుసటి ఏడు కాన్పుకు నేను కోదాడ వెళ్లాను. పాప పుట్టిన కబురు అందగానే అత్తయ్య వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, చంకలో దుప్పటి చుట్టిన పొడవాటి మూట.

మా అమ్మ ఎదురెళ్లి, "ఇంత బరువు ఎందుకు మోసుకొచ్చారు వదినగారూ?" అంది.

"పిల్ల కోసం" అంది అత్తయ్య. నా కోసమో, పాప కోసమో చెప్పలేదు.

కాళ్లు కడుక్కుని, పాపను కాసేపు ఒళ్లో పెట్టుకుని, మంచం పక్కన చాప మీద మూట విప్పింది. నాట్ల పాట మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట తప్పిపోతే ఆగి, మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. నేను సూర్యాపేటలో లేని ఆ నెలల్లో ఎడమచేతికి కూడా ఒక మెట్టు వెతుక్కుంది. అక్కడక్కడా పాట కింద దాన్ని తాకిస్తోంది. అది నేను నేర్పలేదు. మా నాన్న చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు నేర్చుకున్నారు వదినగారూ?" అంది అమ్మ.

"మీ బిడ్డే నేర్పింది. నాకు జర లేటుగొస్తది గని, నేర్పుడు మంచిగ నేర్పుతది."

వారం ఉండి బయలుదేరే రోజు కీబోర్డును నా మంచం పక్కన సర్దింది. "నువ్వు వాయించుకో. నేను పోతున్న" అంది.

"నాకు మూడో నెల దాకా పాపతోనే సరిపోతుందత్తయ్యా. మీరు తీసుకెళ్లండి. అక్కడ సాయంత్రాలు ఆయన వింటారు."

ఆమె వద్దనకుండా దుప్పటి మళ్లీ చుట్టింది. నాన్న బస్టాండు దాకా మోసుకెళ్లాడు. తిరిగొచ్చాక చెప్పాడు, సామాను బస్సు పైన వెయ్యమని కండక్టరు రెండుసార్లు అడిగితే, ఆమె ఒప్పుకోక కిటికీ పక్కన నిలువుగా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుందట.