అక్కను ఫోన్ చెయ్యొద్దన్న వానాకాలం

ఎగువ ఊళ్లో మా అక్క ఇంటి వెనకే నదిలోకి దిగే మెట్లు. వానాకాలం వస్తే పొయ్యి మీద కూర వదిలేసైనా వెళ్లి చూసేది. కిందినుంచి ఐదో మెట్టు మునగగానే దిగువన భివండీలో ఉన్న నాకు ఫోన్.

"తమ్మీ, నీళ్లొస్తున్నయ్. మోటార్లు పైకెత్తుకో."

ఆ నీళ్లు మా గల్లీకి చేరడానికి మూడు గంటలు. ఆలోగా నేనూ మా ఆవిడా పక్క షెడ్లకు కేకేసి, బట్ట నేసే మా ఆరు సాంచాల మోటార్లూ విప్పి అటకెక్కించేవాళ్లం. సాంచా తడిస్తే తుడిచి నూనె పెట్టుకోవచ్చు. మోటార్లు మునిగితే మా బతుకే మునిగినట్టు.

ఆ ఏడు నది వెంట ఊళ్ల అధికారులంతా కలిసి వరద మీటింగ్ పెట్టారు. గల్లీ తరఫున నన్ను పిలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయాను. ఎగువ ఊరు కబురు పెడుతుందట, దిగువ ఊరు సైరన్ మోగిస్తుందట. నేను లేచి అక్క సంగతి చెప్పాను. "అయితే మీ అక్కకే ఇక్కడ కుర్చీ వేద్దాం" అన్నాడొక సాబ్. హాలంతా నవ్వింది. సిగ్గులేనివాణ్ణి, నేనూ నవ్వాను. పుకార్లు పుట్టిస్తే కేసు పెడతామని కూడా అన్నారు.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ కలిపి, "ఇగ ఫోన్ చెయ్యకు అక్కా. సర్కారోళ్లే చెప్తరట" అన్నాను.

"మంచిదే గద. నా ముచ్చట చెప్పినవా? ఏమన్నరు?"

"మస్తు మెచ్చుకున్నరు" అన్నాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, సాంచాలు నడుస్తుండగానే నీళ్లు గడప దాటాయి. సైరన్ లేదు, గియిరన్ లేదు. మెయిన్ ఆపి ఒక్క మోటారు విప్పేసరికి నడుము లోతు. మిగతా ఐదూ పోయాయి.

తర్వాత ఆఫీసుకు పోయి అడిగితే, ఎగువ ఊరు కాగితం పంపామంది, దిగువ ఊరు అందలేదంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాళ్లెవరు? థూ! సాంచాలు తుక్కుకు అమ్మేశాను. ఇప్పుడు మాన్కోలి గోదాంలో మూటలు ఎత్తుతున్నాను.

నీళ్లు తగ్గాక అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

"పొద్దుగాల పది గంటలకే ఐదో మెట్టు మునిగింది తమ్మీ. ఫోన్ చేతుల పట్టుకొనే కూసున్న. గంత మెచ్చుకున్నోళ్లు నీకు చెప్పకుండ ఉంటరా అనుకున్న."

ఆ రోజు వాళ్లు నవ్వారనీ, నేనూ నవ్వాననీ అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.