జులై ఒకటిన పుట్టినవాళ్ళు

కాశిబుగ్గ ఎల్లస్వామి కూతురు కమలకు కుదురు లేదని వాడంతా చెప్పుకునేది. తింటూ తింటూ లేస్తుంది, బస్సు ఆగకముందే దిగుతుంది, ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివర తనే అందుకుంటుంది. తల్లి చిలుకమ్మ ఆమెకు పెట్టిన పేరు కాలుగాలిన పిల్లి. ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో చిలుకమ్మకు తెలియక కాదు. మొగుడు మాత్రం ఏం తక్కువ తిన్నాడు? మిల్లులో పొద్దంతా మగ్గం ముందు నిలబడి వచ్చి, ఇంట్లో మళ్ళీ రాట్నం పట్టుకుని కండెలు చుట్టేవాడు. నూలు అయిపోతే పక్కింటి మగ్గం మీద పడేవాడు.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఆ ఇంట్లో అందరి నోటా దసరా మాటే. మిల్లు నేతషెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఆయుధపూజ నాడు మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టాక కొబ్బరికాయ కొట్టేది షెడ్డులో అందరికన్నా పాత పనివాడే. మేనేజరు వచ్చి నిలబడ్డా ఆ కాయ ముట్టడు. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూసిన ఎల్లస్వామికి ఈ దసరాకు వంతు వచ్చింది. ఆయన తర్వాతివాడు దోస్తు సారయ్య.

వంతుతో పాటు రిటైర్మెంటు కూడా వచ్చింది. కాగితాల ప్రకారం ఎల్లస్వామికి జులై ఒకటిన యాభై ఎనిమిది నిండుతాయి. మిల్లు రూలు ఏమంటే, ఎవరైనా పుట్టిన నెల ఆఖరి రోజున దిగిపోవాలి. ఒకటో తారీఖున పుట్టినవాడు మాత్రం అంతకు ముందు నెల ఆఖరునే దిగాలి. అంటే ఎల్లస్వామికి జూన్ ముప్పై. ఇదివరకైతే గుమాస్తా చూసీ చూడనట్టు ఊరుకుని, పండగ దాటాకే చేతిలో ఉత్తర్వు పెట్టేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌కు అప్పజెప్పారు. కంప్యూటర్‌కు మొహమాటం ఎక్కడిది?

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది కమలే కావడం ఒక వింత. హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం మీది అంతస్తులో లక్ష్మీనారాయణ అనే ఆయన ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టాడు, మిల్లు పని ఆయనకే వచ్చింది. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ప్రోగ్రాం రాసేది ఆయన, అది సరిగ్గా నడుస్తుందో లేదో చూసేది ఈమె. పుట్టిన తారీఖు ఇస్తే దిగిపోయే తారీఖు చెప్పే ముక్కను విడిగా తీసి ఆమెకు ఇచ్చాడు. కమల తారీఖులను ప్రోగ్రాంలో ఇరికించకుండా వేరే ఫైల్‌లో పెట్టింది. ఒక్కో వరసలో పుట్టిన తారీఖు, పక్కన తను చేత్తో లెక్కగట్టిన జవాబు. మిషను ఒక్కో వరస చదివి, ప్రోగ్రాం చెప్పిందీ ఆమె రాసిందీ కలిస్తే సరి అని, కలవకపోతే తప్పు అని అచ్చు వేస్తుంది. ఇంకో తారీఖు చూడాలంటే ఇంకో వరస రాసుకుంటే చాలు.

వరసలకు తారీఖులు కావాలి కదా, కాశిబుగ్గలో ఇల్లిల్లూ తిరిగింది. అడగడమే ఆలస్యం, అందరూ పెట్టెలు తెరిచి బడి కాగితాలు తెచ్చి చూపారు. తన వాడకట్టు కంప్యూటర్‌లోకి ఎక్కుతోందని ఆమెకు గొప్పగానే అనిపించింది. అన్ని వరసలకూ సరి అని వచ్చింది. మిల్లులో మిషను అందరినీ ఇంటికి తోలుతుందని గోల పుడితే, నా బిడ్డ చూసింది, ఎవరికీ అన్యాయం జరగదని ఎల్లస్వామి మీసం మీద చెయ్యేసి చెప్పి వచ్చాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి కమలకు తిండి సయించలేదు. అన్నీ సరిగ్గా వస్తే సంతోషపడాలి గానీ ఈ గుబులు ఏమిటో అంతుపట్టలేదు. రెండుసార్లు వంటింట్లోకి పోయి ఎందుకు పోయిందో మరిచి తిరిగి వచ్చింది. చిలుకమ్మ విసుక్కుని, పక్కింటి రాజక్క బిడ్డను బడిలో వేయడానికి పోతోంది, చదువుకున్నదానివి నువ్వూ పోయిరమ్మని తరిమింది.

బడిలో హెడ్‌మాస్టరు పిల్ల పుట్టిన తారీఖు అడిగాడు. రాజక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"మేడారం జాతరకు పోయొచ్చినంక నెలకు పుట్టింది సారూ."

ఆయన తల ఎత్తనైనా ఎత్తలేదు. సంవత్సరం లెక్కవేసి, జులై ఒకటి అని రాసుకుని, తర్వాతి పిల్లను పిలిచాడు.

కమల ఆ రాతకేసి చూసింది. జాతర జరిగేది చలికాలం చివర. ఈ పిల్లకూ జులైకీ ఏం సంబంధం? తనదీ జులై ఒకటే. తమ్ముడిదీ అంతే. మిల్లులో చేరిన రోజు గుమాస్తా వయసడిగి బాపు ఎల్లస్వామికి రాసిందీ అదే. చిన్నప్పటి నుంచి వాడలో ఆ తారీఖు తప్ప ఇంకోటి వినలేదు కాబట్టి అది ఆమె కంటికే ఆనలేదు. మనిషి మారితే తారీఖు మారినట్టే అనుకుంది. మారింది సంవత్సరమే. అన్ని వరసలు రాసి ప్రోగ్రాంను అడిగింది ఒక్కటే ప్రశ్న. ఛీ, నా తెలివి మండ, అని తనను తాను తిట్టుకుంటూ రాజక్కను అక్కడే వదిలేసి బస్సు కోసం పరుగెత్తింది.

లక్ష్మీనారాయణ అప్పటికే ఫ్లాపీ సంచిలో పెట్టుకుని మిల్లుకు బయల్దేరుతున్నాడు. నువ్వే సరి అన్నావు, ఇంకేం ఫికర్ అని నవ్వాడు. కమల సంచి పట్టుకుని వదల్లేదు. ఫైల్ తెరిచి, కొట్టబోయి ఆగింది. లేని మనిషి పేర లేని తారీఖు రాయడం ఆమెకు దొంగ సాక్ష్యంలా తోచింది. అయినా కాగితాలున్న తారీఖులు ఏం నిజం గనక? కళ్ళు మూసుకుని మార్చి పదిహేను అని కొట్టింది. నెల మొదలు, నెల చివర, జనవరి, డిసెంబరు, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, తోచినవన్నీ కొట్టింది.

తప్పు, తప్పు, తప్పు. మార్చి పదిహేనున పుట్టినవాణ్ణి మిషను ఫిబ్రవరి ఆఖరుకే ఇంటికి పంపుతోంది. ఒకటో తారీఖు వాళ్ళ కోసం రాసిన లెక్కను లక్ష్మీనారాయణ తొందరలో అందరికీ తగిలించాడు. ఆయన ముఖం మాడిపోయింది. అక్కడే కూర్చుని సరిచేశాడు. మిల్లులో అసలైన తారీఖు ఉన్నవాళ్ళు కొద్దిమందే. సారయ్య వాళ్ళలో ఒకడు. తండ్రి రైల్వేలో ఉండబట్టి అక్టోబరు పద్నాలుగు అని పక్కాగా రాయించాడు. పాత ప్రోగ్రామైతే సెప్టెంబరు ఆఖరుకే దిగిపోయేవాడు, ఇప్పుడు అక్టోబరు ఆఖరు దాకా ఉంటాడు. ఎల్లస్వామి వరస మాత్రం మారలేదు. జూన్ ముప్పై ముందూ సరే, ఇప్పుడూ సరే.

మిల్లు జాబితా మర్నాడు కమలే కొట్టి అచ్చు వేయాలి. సాయంత్రం కమల ఇంట్లో గడప దాటుతూ, మళ్ళీ లోపలికి వస్తూ తిరిగింది. ఎల్లస్వామి రాట్నం ఆపకుండా అన్నాడు.

"ఏందే బిడ్డా, గట్ల తిరుగుతానవు. చెప్పరాదు."

"బాపూ, నువ్వు బతుకమ్మ రోజుల్ల పుట్టినవని నాయనమ్మ చెప్తుండె గద. ఇయ్యాల నేను లేని తారీఖులెన్నో రాసిన. నీ పేరు దగ్గర అక్టోబర్ అని కొడితే అబద్ధం సుత కాదు. దసరా దాకా ఉంటవు."

రాట్నం ఆగింది. ఆశ పడలేదని ఎవరైనా అంటే నమ్మకండి, ఆయన కళ్ళు తడిశాయి.

"నువ్వు పరీక్షకు రాసినవి పరీక్షకే బిడ్డా. నా బిడ్డ చూసిందని అందరి ముంగట చెప్పిన. నాది ముట్టకు."

జూన్ ముప్పైన మెడలో దండతో ఇంటికి వచ్చాడు. తర్వాత మూడు నెలలూ మిల్లు కూత వినబడగానే లేచి చొక్కా వేసుకునేవాడు, గుర్తొచ్చాక మళ్ళీ విప్పేవాడు. చూడలేక చిలుకమ్మ చొక్కాలు దాచింది. బనీను మీదే మిల్లు గేటు దాకా పోయి వచ్చాడు.

ఆయుధపూజ నాడు పొద్దుటి నుంచి ఆయన గడపలోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం సారయ్య వచ్చాడు, చేతిలో కొబ్బరి చిప్పలు, నుదుట కుంకుమ. వంతు ఆయనకే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కమలా, నువ్వు చూడకుంటె నేను సుత గేటు బయటనే ఉంటుంటి. నా చెయ్యి కొట్టింది గని, కాయ మీ బాపుదే."

రెండు చిప్పలూ ఎల్లస్వామి దోసిట్లో పెట్టాడు. ఒక చిప్ప సారయ్యకు తిరిగి ఇచ్చాడు. రెండోదాన్ని గోడకు కొట్టి, పెద్ద ముక్క కమల చేతిలో పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాడు. కమల కూడా ఆ కాసేపు లేవలేదు.